ముఖ్యమంత్రికి అర్జీ: ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎక్కడ ఆగిపోతుంది

ముఖ్యమంత్రి పేరున రాసిన అర్జీని ముఖ్యమంత్రి చదవడం చాలా అరుదు. ఆయన కార్యాలయంలో దానికి ఒక నంబరు పడుతుంది. అక్కడి నుంచి శాఖ కార్యదర్శికి, శాఖాధిపతికి, కలెక్టరుకు, ఆర్డీవోకు దిగుతూ దిగుతూ చివరికి మీ మండల ఆఫీసులోనే తేలుతుంది. ఆర్నెల్లుగా మీరు ఏ బల్ల చుట్టూ తిరుగుతున్నారో ఆ బల్ల మీదికే వస్తుందన్నమాట. దాని మీద నివేదిక రాసేదీ ఆ ఉద్యోగే. కాబట్టి సంబోధన ముఖ్యమంత్రికి ఉన్నా, లోపలి సంగతంతా ఆ కింది ఉద్యోగి తోసిపుచ్చడానికి వీల్లేకుండా రాయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పద్ధతుల్లో అది ఎలాగో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఆయన చేతిలో ఉన్న పనేనా?

ఆయన సంతకం పెడితే ఏ పనైనా అయిపోతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. చట్టం అలా లేదు. రాజ్యాంగంలోని 163, 164 అధికరణాల ప్రకారం ముఖ్యమంత్రి మంత్రిమండలికి పెద్ద. ఆయన సలహా మీదే గవర్నరు మిగతా మంత్రులను నియమిస్తారు. 2003 నాటి 91వ సవరణ మంత్రుల సంఖ్యకు శాసనసభ బలంలో 15 శాతం అని హద్దు పెట్టింది. ఆ లెక్కన 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, 119 స్థానాల తెలంగాణలో 18 మంది వరకు ఉండొచ్చు. అర్జీదారుకు ఈ లెక్కతో పనేమిటంటే, మీ సమస్య ఉన్న శాఖ వేరే మంత్రి దగ్గరుంటే ఫైలు కార్యదర్శి నుంచి ఆ మంత్రి మీదుగానే పైకి వెళ్తుంది. ముఖ్యమంత్రే స్వయంగా చూస్తున్న శాఖ అయితే మధ్యలో ఒక మెట్టు తగ్గుతుంది. సాధారణ పరిపాలన శాఖ ఎప్పుడూ దాదాపుగా ముఖ్యమంత్రి దగ్గరే ఉంటుంది. మిగతావి ఎవరి దగ్గరున్నాయో చూసుకుని, అవసరమైతే ఆ మంత్రి పేషీలో కూడా ఒక ప్రతి ఇవ్వండి.

ప్రభుత్వ నిర్ణయం ఏదైనా 166వ అధికరణం ప్రకారం గవర్నరు పేరున వెలువడాలి. జీవో అడుగున 'గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరున' అని ఉండేది అందుకే. ఫైలు మీద రాసిన మాట దానంతటదే ఉత్తర్వు కాదు. 1962లో బచిత్తర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పెప్సూ (పాటియాలా, తూర్పు పంజాబ్ సంస్థానాలతో అప్పట్లో ఉన్న రాష్ట్రం)లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒకాయనకు అనుకూలంగా రెవెన్యూ మంత్రి ఫైలు మీద రాశారు. ఆ మాట ఉత్తర్వుగా బయటికి రాకముందే పెప్సూ పంజాబ్‌లో కలిసిపోయింది, ఫైలు కొత్త ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లింది, నిర్ణయం తిరగబడింది. ఉత్తర్వు రూపంలో వెలువడి సంబంధిత వ్యక్తికి అందేదాకా మంత్రి రాసినది మార్చుకోదగిన అభిప్రాయమేనని కోర్టు చెప్పింది. సభలో, రోడ్ షోలో ముఖ్యమంత్రి 'చేసేద్దాం' అన్న మాటను పట్టుకుని తిరిగేవాళ్లు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి. మాట తర్వాత మెమో గానీ జీవో గానీ వచ్చిందా అన్నదే లెక్క.

ఇంకో చిక్కు ఉంది. చట్టం ఒక అధికారాన్ని తహసీల్దారుకో పోలీసు కమిషనరుకో ఇచ్చినప్పుడు ఆ నిర్ణయం వాళ్లే తమ బుద్ధితో తీసుకోవాలి. బొంబాయిలో ఒక సినిమా హాలుకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం చెప్పిందని పోలీసు కమిషనరు రద్దు చేస్తే, 1951లో గోర్ధన్‌దాస్ భాన్‌జీ కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును ఒప్పుకోలేదు. మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లాకు చెందిన ఒక ఎమ్మెల్యే కుటుంబంపై వచ్చిన వడ్డీ వ్యాపారం ఫిర్యాదుల విషయంలో ముఖ్యమంత్రి స్థాయి నుంచి ఆదేశాలు వెళ్లినందుకు 2010లో అదే కోర్టు ఆ రాష్ట్రంపై 10 లక్షల రూపాయల ఖర్చులు వేసింది. అందుకే జాగ్రత్తగల అధికారి ఎవరూ 'ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి వచ్చింది కాబట్టి మంజూరు' అని రాయరు. 'నిబంధనల మేరకు పరిశీలించాం' అనే రాస్తారు.

కాబట్టి మీ పని మూడింటిలో ఏ కోవకు వస్తుందో ముందే చూసుకోవాలి. ముఖ్యమంత్రి సహాయనిధి, పరిహారం, సర్వీసు నిబంధనల సడలింపు, కొత్త రోడ్డు, కొత్త స్కూలు, విధానంలో మార్పు వంటివి ప్రభుత్వ స్థాయిలో తేలేవి. ఇక్కడ ముఖ్యమంత్రి 'అవును' అనడానికి నిజంగా విలువ ఉంది. మ్యుటేషన్ (భూమి రికార్డులో హక్కుదారు పేరు మార్చడం), రేషన్ కార్డు, పింఛను, సర్వే, భవన అనుమతి వంటివి కింది అధికారి చట్టప్రకారం తేల్చాల్సినవి. ఇక్కడ ఆయన కార్యాలయం చేయగలిగేది కదిలించడం, ఆలస్యానికి సంజాయిషీ అడగడం. ఇక మూడో కోవ అసలు ఆయన పరిధిలో లేనిది.

ఆ మూడో కోవలోనే అర్జీలు ఎక్కువ వృథా అవుతుంటాయి. కోర్టులో నడుస్తున్న దావా మీద ముఖ్యమంత్రి ఏమీ చేయలేరు. సర్వీస్ కమిషన్ పరీక్ష మార్కుల మీదా అంతే. రైల్వే, పాస్‌పోర్టు, భవిష్యనిధి వంటివి కేంద్రానివి, వాటికి కేంద్రం నడిపే సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. బ్యాంకు మీద ఫిర్యాదైతే ముందు ఆ బ్యాంకుకే రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. కరెంటు బిల్లు గొడవకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పరిధిలో వినియోగదారుల ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టకపోతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. భూమి విషయంలో తహసీల్దారు ఇప్పటికే ఉత్తర్వు ఇచ్చేసి ఉంటే ఇక మిగిలింది అప్పీలు. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం 5(5) సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరికి, తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన భూభారతి చట్టం కింద అందులోని అప్పీలు మెట్ల మీదుగా. అప్పీలుకు గడువుంటుంది. ముఖ్యమంత్రికి అర్జీ పెట్టి ఎదురుచూస్తూ ఆ గడువు దాటబెట్టుకోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. అర్జీ పెండింగులో ఉందన్న కారణంతో గడువు ఆగదు. రెండూ చేయాలనుకుంటే అప్పీలు ముందు వేసి, ఆ తర్వాతే అర్జీ.

కాగితం మీద ఏం ఉండాలి

ఒక్క పేజీ. ఏ4, ఒకవైపే, చేత్తో రాసినా ఫర్వాలేదు గానీ స్కాన్ చేస్తే చదవగలిగేలా నల్ల సిరాతో. అర్జీని చేతికందుకున్న డేటా ఎంట్రీ ఉద్యోగి దాని సారాన్ని రెండు మూడు వరుసల్లో కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, శాఖ ఎంచుతాడు. వరుసలో నిలబడ్డ వందల మందిలో మీకు దక్కేది ఒకటి రెండు నిమిషాలే. 'విషయం' అన్న వరుస సరిగ్గా లేకపోతే తప్పు శాఖ పడుతుంది. తప్పు శాఖ పడితే 'మా పరిధిలోనిది కాదు' అన్న జవాబు రావడానికే ఒక నెల పోతుంది.

చాలామంది రాసే విషయం ఇలా ఉంటుంది: 'అయ్యా, నా భూమి సమస్య పరిష్కరించి న్యాయం చేయమని కోరుతూ.' దీన్నిబట్టి ఏ శాఖో, ఏ మండలమో, ఏం చేయమంటున్నారో ఏదీ తెలియదు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి:

'విషయం: రెవెన్యూ శాఖ. … జిల్లా, … మండలం, … గ్రామం, సర్వే నంబరు 112/3లో 1 ఎకరా 20 సెంట్లు. వారసత్వ మ్యుటేషన్ కోసం 2025 మార్చి 11న ఇచ్చిన దరఖాస్తు నంబరు … పై ఇంతవరకు ఉత్తర్వు ఇవ్వకపోవడం గురించి.'

రెండోదాన్ని చూసిన తహసీల్దారు 'వివరాలు లేవు' అని రాయలేడు. దరఖాస్తు నంబరు, తేదీ ఉన్నాయి కాబట్టి 'మా దృష్టికి రాలేదు' అనడానికీ లేదు. తెలంగాణలో అయితే సెంట్లు కాకుండా ఎకరాలు, గుంటలు రాయాలి. ఎకరాకు 100 సెంట్లు, 40 గుంటలు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ కోస్తా కుటుంబాలు 20 గుంటలను 20 సెంట్లని రాసేసి, విస్తీర్ణం రికార్డుతో కలవక అర్జీ తిరిగొచ్చే సందర్భాలుంటాయి. 20 గుంటలంటే 50 సెంట్లు మరి.

విషయం కింద మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టు, తండ్రి లేదా భర్త పేరు, పూర్తి చిరునామా, ఫోను నంబరు. ఆ ఫోను మీ చేతిలో ఉండేదే అయ్యుండాలి, ఎందుకంటే అర్జీ నంబరూ మూసివేత సమాచారమూ దానికే వస్తాయి. మీసేవ కుర్రాడి నంబరో నెట్ సెంటరు నంబరో ఇచ్చినవాళ్లకు తమ అర్జీ మూసేసిన సంగతే తెలియదు. తర్వాత జరిగింది తేదీల వారీగా నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఎప్పుడు దరఖాస్తు ఇచ్చారు, ఎవరు ఏం చెప్పారు, ఏ కాగితం ఇచ్చారు. చివర ఒకే ఒక్క కోరిక, క్రియతో ముగిసేలా: 'మ్యుటేషన్ దరఖాస్తుపై ఉత్తర్వు ఇప్పించవలసిందిగా', 'సర్వేయరును పంపి హద్దులు చూపించవలసిందిగా.' 'తగు న్యాయం చేయవలసిందిగా' అన్నది కోరిక కాదు, ఎవరైనా దాన్ని 'చేశాం' అని మూసేయగలరు.

ఒక అర్జీలో ఒకే సమస్య. పింఛను, దారి తగాదా, కొడుకు ఉద్యోగం మూడూ ఒకే కాగితంలో రాస్తే మొదటిదాని శాఖకు వెళ్లిపోయి మిగతా రెండూ మాయమవుతాయి. మూడు సమస్యలుంటే మూడు కాగితాలు, మూడు నంబర్లు.

లంచం అడిగారని రాయాలా వద్దా? నిజమైతే చెప్పాల్సిందే, కానీ ఈ కాగితంలో కాదు. పని కోసం రాసిన అర్జీలో ఆరోపణ కలిపితే అది విచారణ దారి పడుతుంది, పని అక్కడే ఆగుతుంది. పైగా ఆరోపణ ఎవరి మీదో వాళ్ల ఆఫీసుకే ఆ కాగితం దిగుతుంది. లంచం ఫిర్యాదుకు ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 ఉంది.

జతపరిచేవన్నీ జిరాక్సులే. మొదటి దరఖాస్తు రసీదు, పాస్‌బుక్ లేదా 1బీ (భూమి హక్కుల రికార్డు నకలు), ఆధార్, ఇదివరకు వచ్చిన జవాబు. ఐదారు కాగితాలకు మించి పెట్టకండి, ప్రతిదానికీ నంబరు వేసి అర్జీలో ఆ నంబరు ప్రస్తావించండి. ఒరిజినల్ పట్టా, లింకు డాక్యుమెంటు ఏ కౌంటర్లోనూ వదలొద్దు.

'ప్రతులు: గవర్నరు గారికి, ప్రధానమంత్రి గారికి, కలెక్టరు గారికి…' అంటూ పది మందికి పంపడం మనకో అలవాటు. ఆ పదీ పది నంబర్లతో నమోదై, తిరిగి తిరిగి ఒకే ఉద్యోగి దగ్గరికి చేరతాయి. ఆయన ఒకదానికి జవాబు రాసి, మిగతా తొమ్మిదింటినీ 'ఇదే విషయంపై ఇప్పటికే జవాబిచ్చాం' అని మూసేస్తాడు. ఒకచోట ఇచ్చి, దాన్నే వెంటాడటం మేలు.

ఎక్కడ ఇవ్వాలి

ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం కలెక్టరేట్లలో జరిగే కార్యక్రమమే అసలు ద్వారం. మీ కోసం, స్పందన అని ప్రభుత్వం మారినప్పుడల్లా దానికి పేరు మారింది. 2024 జూన్ తర్వాత పీజీఆర్ఎస్, తెలుగులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేర్లు మారినా లోపలి యంత్రం ఒకటే: నంబరు, శాఖ, అధికారి, గడువు, ఎండార్స్‌మెంట్ (అర్జీ మీద అధికారి రాసిచ్చే జవాబు). గ్రామ, వార్డు సచివాలయంలో ఇచ్చినా, వెబ్‌సైటులో పెట్టినా అదే వ్యవస్థలోకి వెళ్తుంది. 1100కు ఫోను చేసి అర్జీ ఎక్కడుందో తెలుసుకోవచ్చు. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 95523 00009 ద్వారా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. వెలగపూడి సచివాలయం ఒకటో బ్లాకులో ముఖ్యమంత్రి కార్యాలయం ఉంది గానీ, కలెక్టరేట్‌లో తేలే పనికి అంత దూరం వెళ్లడం వల్ల బస్సు చార్జీలు తప్ప ఒరిగేది లేదు. అక్కడ ఇచ్చింది కూడా మీ జిల్లా లాగిన్‌లోనే పడుతుంది.

తెలంగాణలో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి. రాష్ట్రస్థాయిలో హైదరాబాద్ బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి. 2023 డిసెంబరు 8న ప్రజాదర్బారు పేరుతో మొదలై తర్వాత ఈ పేరు తెచ్చుకుంది. పొద్దున పది గంటలకు మొదలవుతుంది, ఎనిమిదికల్లా వరుసలో ఉండటం మంచిది. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కుటుంబాల కోసం అక్కడే ప్రవాసీ ప్రజావాణి కౌంటరు పెట్టారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు పాస్‌పోర్టు జిరాక్సు, వీసా పేజీ, కంపెనీ పేరు, అక్కడి ఫోను నంబరు తెచ్చుకోవాలి. విదేశాంగ వ్యవహారం కేంద్రానిది కాబట్టి రాష్ట్రం చేసేది రాయబార కార్యాలయానికి రాయడమే. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో మీరే విడిగా నమోదు చేసి ఆ నంబరు అర్జీలో రాస్తే ఇక్కడివాళ్లు రాసే లేఖకు ఆధారం దొరుకుతుంది.

రాలేనివాళ్లు స్పీడ్ పోస్టులో పంపి, బుకింగు రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింటు దాచుకోవాలి. ఎన్నికల కోడ్ అమల్లోకి వస్తే ఈ సోమవారాలన్నీ ఆగిపోతాయి. కోడ్ వస్తుందని తెలిసినప్పుడు దానికి ముందు వారమే ఇచ్చేయండి.

ఎక్కడ ఇచ్చినా చేతిలో నంబరు పడకుండా కదలొద్దు. జనంలో, కాన్వాయ్ దగ్గర ముఖ్యమంత్రి చేతికే అందించిన కాగితానికి చాలాసార్లు నంబరు ఉండదు. ఫొటో మిగులుతుంది, అర్జీ మిగలదు. అలా ఇచ్చే అవకాశం వస్తే ఇవ్వండి, కానీ అప్పటికే నమోదైన అర్జీ నంబరు దాని మీద ఎర్ర సిరాతో రాసి ఇవ్వండి.

కాగితం మీద రాసిన ఇంగ్లీషు మాటలకు అర్థం

ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి కాగితం కిందికి వెళ్లేటప్పుడు దాని మీద ఒక వాక్యం ఉంటుంది. దాన్ని చూసి 'సీఎం మంజూరు చేశారు' అని సంబరపడేవాళ్లున్నారు. 'ఫర్ నెసెసరీ యాక్షన్ యాజ్ పర్ రూల్స్' అని ఉంటే దాని భావం 'మీరే చూసుకోండి' అని. బలం తక్కువ, గడువు లేదు. 'ఎగ్జామిన్ అండ్ రిపోర్ట్' అంటే నివేదిక పైకి రావాలి, అంటే ఎవరో ఒకరు జవాబుదారీ. 'ఎగ్జామిన్ అండ్ సర్క్యులేట్ ఫైల్' అని ఉంటే శాఖ ఫైలు నడిపి ముఖ్యమంత్రి నిర్ణయానికి పెట్టాలి, వీటన్నిటిలో గట్టిది ఇదే. మొదటి రకం కాగితం చేతికొస్తే నెల తర్వాత మళ్లీ కదిలించాల్సిందేనని ముందే అనుకోండి.

ఉత్తర్వు వస్తే దాని రకం కూడా చూడండి. జీవో ఎంఎస్ అంటే విధానం మార్చేది, అందరికీ వర్తించేది. జీవో ఆర్టీ ఎక్కువగా ఒక వ్యక్తికో ఒక పనికో సంబంధించింది. పరిపాలనా అనుమతి జీవో వచ్చినంత మాత్రాన ఊరికి రోడ్డు రాదు. నిధుల విడుదలకు ఇంకో ఉత్తర్వు, ఆ తర్వాత టెండరు, ఆ తర్వాతే పని. అర్జీ పెట్టేవాళ్లు చాలావరకు మొదటి జీవో దగ్గరే దండలు వేసి ఆగిపోతారు.

'పరిష్కరించాం' అని మెసేజి వస్తే

అసలు కష్టం ఇక్కడే. గడువు మీద పడుతుంటే కింది ఉద్యోగి ఏదో ఒకటి రాసి మూసేస్తాడు: 'అర్జీదారుతో మాట్లాడాం', 'కోర్టు కేసు ఉంది', 'నిధులు వచ్చాక చేస్తాం.' ఆ ఎండార్స్‌మెంట్ కాగితం అడిగి తీసుకోండి. అది మీ సమస్యకు జవాబేనా చూడండి. కాకపోతే అదే నంబరును రీఓపెన్ చేయించాలి, కొత్త అర్జీ పెట్టొద్దు. కొత్తది పెడితే పాతది 'పరిష్కారమైన' ఖాతాలోనే ఉండిపోతుంది, ఆలస్యం మళ్లీ సున్నా నుంచి లెక్కలోకి వస్తుంది. రీఓపెన్ చేసేటప్పుడు ఏం తప్పో ఒక్క వాక్యంలో చెప్పాలి: 'కోర్టు కేసు సర్వే నంబరు 112/1పై ఉంది, నా భూమి 112/3.'

రెండుసార్లు రీఓపెన్ చేసినా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఊరి స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కాగితం చూపితే అసలు కట్టక్కర్లేదు. 'ఎందుకు చేయలేదు' అని అడిగితే జవాబు రాదు, చట్టం ఇచ్చేది రికార్డును, సంజాయిషీని కాదు. ఇలా అడగండి: 'అర్జీ నంబరు … ఏయే తేదీల్లో ఏయే అధికారి దగ్గర ఉంది, దానిపై రాసిన నోట్ ఫైలు, పంపిన నివేదిక నకళ్లు.' జవాబుకు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషనుకు రెండో అప్పీలు. దరఖాస్తు ముఖ్యమంత్రి కార్యాలయానికి వేసినా 6(3) సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి, అయితే నేరుగా ఫైలున్న ఆఫీసుకే వేస్తే ఆ తిప్పట తప్పుతుంది. నోట్ ఫైలు అడిగారని తెలియగానే ఫైలు కదిలిపోవడం తరచూ జరిగేదే.

ఆపైన హైకోర్టులో రిట్. అర్జీని ఫలానా వారాల్లోపు తేల్చమని కోర్టు అధికారికి చెప్పగలదు. అప్పుడు మీ దగ్గరున్న నంబరు, రసీదు, ఎండార్స్‌మెంట్ కాగితాలే సాక్ష్యం.

సహాయనిధి: ఇది వేరే దారి

ముఖ్యమంత్రి విచక్షణ నేరుగా పనిచేసే చోటు ఇది. ఈ నిధి విరాళాలతో నడుస్తుంది, బడ్జెట్ పద్దు కాదు. అందుకే ఇంత ఇవ్వాలన్న హక్కు ఎవరికీ లేదు, బిల్లులో ఎంత వస్తుందో ముందు చెప్పలేరు.

వైద్యానికి రెండు రకాలు. చికిత్సకు ముందు తీసుకునేది ఎల్వోసీ. హైదరాబాద్ నిమ్స్ వంటి ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రం మీద, ఇంత మొత్తం వరకు మేం చెల్లిస్తామని ప్రభుత్వం ఆసుపత్రికి రాసిచ్చే హామీ అది. డబ్బు రోగి చేతికి రాదు. అంచనా పత్రంలో రోగి పేరు, జబ్బు, చేయబోయే చికిత్స, మొత్తం, వైద్యుడి సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి. తేదీ పాతబడితే మళ్లీ తెమ్మంటారు. ఆపరేషన్ అయిపోయాక ఎల్వోసీ అడిగితే లాభం లేదు.

రెండోది, చికిత్స అయ్యాక కట్టిన బిల్లుల మీద సాయం. దీనికి ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ లేదా ఎంపీ సిఫార్సు లేఖ కావాలి. తెలంగాణలో 2024 జులై 15 నుంచి ఈ దరఖాస్తులను ఆన్‌లైన్‌లోనే తీసుకుంటున్నారు. ప్రజాప్రతినిధి ఆఫీసు వివరాలు ఎక్కించాక వచ్చే కోడ్‌తో ఒరిజినల్ బిల్లులు సచివాలయానికి చేరాలి. అర్జీకి జిరాక్సులు చాలన్నాం గానీ ఇక్కడ ఒరిజినల్సే కావాలి. ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ రెండేసి జిరాక్సులు తీసి దాచుకోండి, తిరిగొస్తాయని లెక్కపెట్టుకోవద్దు.

తిరస్కరణకు కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఆధార్‌లో ఒక పేరు, ఆసుపత్రి రికార్డులో ఇంటిపేరు లేకుండా మరో పేరు. చేరేటప్పుడే ఆధార్ చూపించి రాయించుకుంటే ఈ బాధ ఉండదు. ఫైనల్ బిల్లు బదులు అడ్వాన్సు రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు జతచేయడం. డిశ్చార్జి సమ్మరీ మీద ఇన్‌పేషెంట్ నంబరు ఒకటి, బిల్లు మీద మరొకటి ఉండటం. రోగి పేరు లేని మందుల బిల్లులు. బీమా కంపెనీ ఇప్పటికే కట్టిన బిల్లును మళ్లీ పెట్టడం. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచితంగా జరిగే చికిత్సకే డబ్బు కట్టి వచ్చి అడగడం. కాబట్టి చేరే రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి జబ్బు జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. తెలంగాణలో ఆ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు, సహాయనిధి నుంచి ఆ స్థాయిలో వస్తుందని ఆశపడలేం.

నకిలీ బిల్లులతో డబ్బు కొట్టేసిన కేసులు బయటపడ్డాక ఆసుపత్రికే ఫోను చేసి సరిచూడటం పెరిగింది. చిన్న ఆసుపత్రి అయితే డిశ్చార్జి అయ్యేటప్పుడే బిల్లింగ్ సెక్షనుకు చెప్పి ఉంచండి, ఫోను వస్తే రికార్డు తీసి చెప్పేలా. రోగి చనిపోతే దరఖాస్తు వారసుల పేరున వెళ్లాలి, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. చనిపోయినాయన ఖాతా నంబరే ఇచ్చి నెలలు పోగొట్టుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. మధ్యవర్తులు బిల్లులో సగం వాటా అడుగుతారు. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో ఈ దరఖాస్తుకు రుసుము లేదు.

చెక్కు వచ్చాక కూడా చూసుకోవాల్సింది ఉంది. చెక్కు గడువు దాని మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలు. పంపిణీ సభ పెట్టి పంచేదాకా ఆగడం వల్ల అందులో కొంత కాలం ముందే కరిగిపోయి ఉండొచ్చు. చేతికందగానే పేరు, ఖాతా నంబరు, తేదీ చూసి, తప్పుంటే ఆ రోజే క్యాంపు ఆఫీసులో తిరిగిచ్చి రసీదు తీసుకోండి. సరిగ్గా ఉంటే ఆ మర్నాడే బ్యాంకులో వేయండి.